జాన్‌బాబు బోరు కొట్టిన తుపాకి

రాజోలు దీవిలో పొలాలకు ఆయిలింజన్లు నీళ్ళు తోడిన రోజుల్లో ఉందుర్తి జాన్‌బాబు చెయ్యి పడని ఇంజను లేదు. ఉప్పునీళ్ళు తాగి బిగిసిపోయిన లాంచీ ఇంజనును ఒడ్డుకు లాగించి, విప్పి, సిలిండరును లోపల గీసి బోరు కొట్టి, పొద్దు వాలేలోగా మళ్ళీ గోదావరిలో దింపినవాడు జాన్‌బాబు. కోతల కాలంలో రైసుమిల్లు షాఫ్టు విరిగి మిల్లు ఆగిపోతే, దాన్ని అతికించి సీజను దాటించినవాడూ అతనే. చేసిన పని తిరిగొచ్చిందన్న మాట ఆ దీవిలో ఎవరి నోటా వినపడలేదు.

చదువు మాత్రం ఊరి బళ్ళో ఏడో తరగతితో సరి. లెక్కల మేష్టారు వీపు చిట్లేలా కొడితే ఆ బెత్తం లాక్కుని, మోకాలి మీద విరిచి, రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఆ సాయంత్రం తండ్రి పశువుల పలుపుతో స్తంభానికి కట్టి కొట్టాడు. కొట్టి కొట్టి తండ్రే అలిసిపోయి కూలబడ్డాడు గాని, కుర్రాడి కంట్లో నీటిచుక్క రాలేదు. చేతిపని ఎంత నిదానమో కోపం అంత దూకుడు. జాన్‌బాబు బోరు వంకరపోయిందని కూసిన ఓ మెకానిక్కును మెడ పట్టి డీజిలు డ్రమ్ములో ముంచి, అది అబద్ధమని వాడి చేత చెప్పించిగాని పైకి తియ్యలేదు.

అలాంటి మనిషి యాభై దాటాక, 2002లో, దుబాయ్ వచ్చాడు. ఊరివాళ్ళకు అదంతా దుబాయే గాని, అతను దిగింది రాస్ అల్ ఖైమాలో. భార్య దయాకుమారి అప్పటికే అక్కడి ఆసుపత్రి అత్యవసర వార్డులో నర్సు. జాన్‌బాబుకు మొదట దొరికింది రాళ్ళ క్వారీలో క్రషర్ మరమ్మతు పని. ఒకరోజు ఆ క్రషర్ బెల్టు ఓ బిహారీ కూలివాణ్ణి చేతితో సహా లోపలికి లాక్కుంది. అందరూ స్విచ్చు వైపు పరిగెత్తితే జాన్‌బాబు గునపం తీసి తిరిగే చక్రం ఆకుల మధ్య దోపాడు. చక్రం ఆగింది. గునపం ఎగిరిపోయి, అందరూ ముదీర్ అని పిలిచే క్వారీ మేనేజరు పికప్పు తలుపులో దిగింది. కూలివాడి చెయ్యి మోచేతి దాకా పోయింది, ప్రాణం దక్కింది. ముదీర్ వచ్చి, అడక్కుండా మిషను ఎందుకు ఆపావంటూ అందరిముందూ చెంప మీద కొట్టాడు. జాన్‌బాబు తలమీది హెల్మెట్టు తీసి దాంతోనే ముదీర్ ముక్కు బద్దలుకొట్టాడు. ఆ పూటతో క్వారీ ఖలాస్.

ఊరికే ఇంట్లో కూర్చోలేక నఖీల్ బజారులో తిరుగుతుంటే నబీ రసూల్ తగిలాడు. రాయచోటి మనిషి, లైసెన్సు ఉన్న ఓ తుపాకుల మరమ్మతు దుకాణంలో కర్రపని చేసేవాడు. దుకాణంలో లేతు మిషను ఉంది, దాని ముందు నిలబడేవాడు లేడు. అంతకుముందున్న పెషావరు ఉస్తాద్, తాను బాగుచేసిన తుపాకే పేలి కన్ను పోగొట్టుకుని దేశం వెళ్ళిపోయాడు. గోడమీద అతని నెత్తురు చారలు ఇంకా ఉన్నాయని రసూల్ చూపించాడు. జాన్‌బాబు ఆ చారల వైపు చూడనైనా చూడలేదు. ఇనుమును పట్టి తిప్పే లేతు చక్ పట్టుకుని తిప్పి చూశాడు.

"తుపాకంటే ఏంటి రసూలూ? ఒక పక్క మూసేసిన సిలిండరు. పిస్టను బయటికెళ్ళి తిరిగి రాదు, అంతే తేడా," అన్నాడు.

మూడేళ్ళు తిరిగేసరికి ఆ మాట నిజం చేసి చూపించాడు. డేగలతో వేటాడే షేకు ఒకాయన తుపాకి ల్యాండ్‌క్రూజర్ చక్రం కింద పడి వంగిపోతే, అది వంగిందని ఆయనే నమ్మనంత తిన్నగా తీశాడు. సముద్రంలో పడి తుప్పుపట్టిన వాటిని బతికించాడు. ఫుజైరా నుంచీ, కొండలకు అవతల ఖసబ్ నుంచీ మనుషులు 'ఉస్తాద్ జాన్' కోసం అడుగుతూ వచ్చేవారు. బాగుచేసిన ప్రతి తుపాకినీ దుకాణం వెనక పెరట్లో పాత లారీ టైరుకు కట్టి, తాడుతో మీట లాగి పేల్చి చూసేవాడు. ఒక్కటీ పగల్లేదు.

2005 చలికాలంలో ఖమీస్ అనే కొండ మనిషి ఇద్దరు కొడుకులతో దుకాణానికి వచ్చాడు. తెల్లగడ్డం, నిటారైన నడుము, తక్కువ మాట. పెద్దకొడుకు సయీద్‌కు ఆ నెలలోనే పెళ్ళి. పెళ్ళిలో పెళ్ళికొడుకు చేత ఇంటి తుపాకి పేల్పించడం వాళ్ళ ఆచారం. ఆ తుపాకిని తాత వాడాడు. ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే పాత రకం. గొట్టం నడుమ, ఎడమచెయ్యి పట్టుకునే చోట, నాలుగు వేళ్ళ వెడల్పున చుట్టూ బిగించిన వెండి పొన్ను, దానిమీద తాత పేరు. చిక్కేమిటంటే దానికి పట్టే తూటా ఇప్పుడు ఎక్కడా దొరకడంలేదు. దొరికే తూటా దానికంటే లావు.

అందుకు రెండు దారులు. ఉన్న గొట్టాన్నే లోపల బోరు కొట్టి వెడల్పు చేసి, మెలితిరిగే గాళ్ళు కొత్తగా తియ్యడం ఒకటి. పాత గొట్టం విప్పేసి కొత్త గొట్టం బిగించడం రెండోది. మొదటిదానిలో తాత పట్టుకున్న ఇనుము మిగులుతుంది, కానీ గొట్టం గోడ పలచబడుతుంది. రెండోదానిలో గోడ గట్టిగా ఉంటుంది, తాత ఇనుము పోతుంది.

సయీద్ బోరు కొట్టమన్నాడు. తమ్ముడు హమద్ కొత్త గొట్టం వెయ్యమన్నాడు. పాత గొట్టం మీద అంత ప్రేమ ఉంటే గోడకు తగిలించుకో, పెళ్ళి పందిట్లో మామీద ఎందుకు పేలుస్తావని దెప్పాడు. భయమైతే ఆడవాళ్ళ గుడారంలో కూర్చోమన్నాడు సయీద్. హమద్ అన్న కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. కొండవాళ్ళ చేతికర్ర చివర చిన్న గొడ్డలి ఉంటుంది, జిర్జ్ అంటారు. సయీద్ ఆ గొడ్డలి వెనకవైపు తిప్పి తమ్ముడి మెడ పక్క ఎముక మీద వేశాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. హమద్ కిందపడి మళ్ళీ లేచి, ఒక్క చేత్తో అన్న గొంతు దొరకబుచ్చుకుని, తల తీసుకెళ్ళి బల్లకు బిగించిన ఇనుప వైసుకేసి కొట్టాడు. ఇద్దరి నెత్తురూ రసూల్ చెక్కిపెట్టిన కర్రల మీద చిమ్మింది. తండ్రి లేచి, తన కర్రతో ఇద్దరి మోకాళ్ళమీదా చెరొకటి తగిలించాకగాని వదులుకోలేదు.

అప్పుడు ముసలాయన జాన్‌బాబు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఉస్తాద్. నీ మాటే మా ఇంటి మాట."

జాన్‌బాబు గొట్టం మూతి దగ్గర గోడ కొలిచాడు. దళసరిగా ఉంది. పొన్నుకు ఇటూ అటూ కొలిచాడు. అక్కడా దళసరే. పొన్ను తీసి దాని కింద కూడా చూడమని రసూల్ తెలుగులో గొణిగాడు. పొన్ను మీద చెయ్యి పడకూడదని ఖమీస్ అన్నాడు. జాన్‌బాబుకు దాని అవసరం కనిపించలేదు. పగిలిన ఇంజను బ్లాకులకు ఇనుప పట్టాలు వేసిన చెయ్యి అది. పట్టా వేస్తే ఇనుము మీదే బిగిస్తారు. పైన కట్టు ఉంటే కింద ఇంకా బలమే అని లెక్క వేశాడు.

"బోరే కొడతాను. నిలబడుద్ది. జాన్‌బాబు చెప్పాడని చెప్పు," అన్నాడు. రసూల్ ఆ మాట అరబ్బీలో చెప్పాడు. సయీద్ నెత్తురు మొహంతోనే నవ్వి జాన్‌బాబు నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

పని సగం దాకా బాగానే సాగింది. మూతి వైపు నుంచి నూనె పోస్తూ, కొంచెం కొంచెంగా లోపల గీస్తూ వస్తున్నాడు. పనిముట్టు పొన్ను కిందికి చేరేసరికి లేతు పాట మారింది. అప్పటిదాకా ఒకే గొంతుతో పాడిన ఇనుము అక్కడ కీచుమంది. మిషను ఆపి, గొట్టం బయటికి తీసి తుడిచి చూశాడు. వెండి పొన్ను అంచు కింద నల్లని తడి గీత ఉంది. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ ఊరింది. వేలితో తీసి వాసన చూశాడు. తాను లోపల పోసిన నూనె. గొట్టంలో పోసింది పొన్ను కిందనుంచి బయటికి వస్తోందంటే, అక్కడ గోడ ఉన్నట్టా, లేనట్టా?

రసూల్‌కు చూపించాడు.

"అన్నా, ఇది పేలితే ఆ పిల్లోని ఎడంచెయ్యి, మొగం రెండూ ఉండవు. పొన్ను కాడనే గదా పట్టుకునేది," అన్నాడు.

జాన్‌బాబు పనిముట్లు తుడుచుకుని ఇంటికెళ్ళాడు. అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా కూర్చుంటే దయాకుమారి కారణం అడిగింది. చెప్పాడు. ఆవిడ ఓదార్చలేదు. పోయిన పెళ్ళిళ్ళ కాలంలో కొండ ఊరినుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారని చెప్పింది. తుపాకి పగిలి కింది దవడ ఊడిపోతే, దాన్ని తన తలగుడ్డలో చుట్టుకుని, తన కాళ్ళమీదే నడిచివచ్చాడు. మాట్లాడలేడు గనక ఆ మూట ఆవిడ చేతిలో పెట్టి, అతికించమని సైగ చేశాడు.

"ఆ కుర్రోడికి తుపాకి బాగుచేసినోడు కూడా నిలబడుద్దనే చెప్పుంటాడండి," అంది.

మర్నాడు జాన్‌బాబు రసూల్‌ను వెంటబెట్టుకుని కొండకింద ఖమీస్ ఇంటికి వెళ్ళాడు. పొన్ను తియ్యనిమ్మని అడిగాడు. నూనె సంగతి చెప్పాడు. ముసలాయన కాఫీ గిన్నె కింద పెట్టేశాడు. పొన్ను ముట్టవద్దని మాత్రం అన్నాడు. ఎందుకని అడిగితే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తిరుగుదారిలో జాన్‌బాబు నిశ్చయం చేసుకున్నాడు: బోరు కొట్టిన గొట్టం ఇవ్వకూడదు, కొత్త గొట్టమే వెయ్యాలి. అంటే జాన్‌బాబు మాట తప్పిందని జాన్‌బాబే చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతని నోట రాలేదు. డీజిలు డ్రమ్ములో మనిషిని ముంచింది ఆ మాట అన్నందుకే.

సయీద్ తుపాకి కోసం వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ దుకాణం గుమ్మంలో ఉంది. నడుముకు తూటాల పట్టీ, చేతిలో జిర్జ్. నుదుటిమీద తమ్ముడు పెట్టిన దెబ్బకు కుట్లు. వెంట తండ్రి, మెడకు చెయ్యి వేలాడేసుకున్న హమద్. జాన్‌బాబు లేతు దగ్గరనుంచి కదలకుండా, రసూల్ సాయం లేకుండా, అక్కడి బజారులో అందరికీ తెలిసిన హిందీలో చెప్పాడు. ఈ గొట్టం పనికిరాదు. బోరు కొట్టడం తప్పు. తప్పు నాదే. కొత్తది నేనే బిగించి ఇస్తాను.

సయీద్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. తాత గొట్టాన్ని తొలిచి పాడుచేసి ఇప్పుడు పారెయ్యమంటున్నావా అన్నాడు.

"నిలబడుతుందన్నావు. ఆ మాట నమ్మి నీ నుదురు ముద్దుపెట్టుకున్నాను."

"అన్నాను. తప్పన్నాను. ఇదిగో, నీ కళ్ళతో నువ్వే చూడు," అంటూ జాన్‌బాబు ఆకురాయి తీసి వెండి పొన్ను అంచుమీద ఒక్క గీత గీశాడు.

ఆ గీత గీసిన చప్పుడు ఆగకముందే జిర్జ్ వచ్చి అతని పక్కటెముకల మీద పడింది. రెండో దెబ్బకు నేలమీద ఉన్నాడు. అడ్డం వచ్చిన రసూల్‌ను సయీద్ తోసిన తోపుకు అతను వెళ్ళి కర్రల అల్మారా మీద పడ్డాడు, అల్మారా అతనిమీద పడింది. సయీద్ ఇంకో రెండు తన్నులు తన్ని, తుపాకి తీసుకుని, ఎవరు అబద్ధాలకోరో ఇప్పుడే తేలుస్తానని పెరట్లోకి నడిచాడు. జాన్‌బాబు బోరు మూతి నుంచి కొట్టుకొస్తూ పొన్ను దగ్గరే ఆపాడు. తూటా కూర్చునే గది వైపు ఇంకా పాత కొలతే ఉంది. ఇంట్లో దాచిన పాత తూటాల్లో ఆఖరిది సయీద్ నడుమున ఉంది. అది తీసి పెట్టాడు, అది దిగింది. టైరు వైపు చూడనైనా చూడలేదు. తుపాకి మడమ భుజానికి ఆనించి, చెంప దానిమీద పెట్టి, ఎడమచెయ్యి వెండి పొన్ను మీద బిగించాడు.

జాన్‌బాబు ఎలా లేచాడో అతనికే తెలియదు. ఎముకలు లోపల గుచ్చుకుంటున్నాయి, ఊపిరి ఈలవేస్తోంది. పెరటి గుమ్మంలో నిలబడిపోయిన ఖమీస్‌ను దాటుకుని వెళ్ళి, దున్నపోతు గుద్దినట్టు తన భుజంతో సయీద్‌ను పక్కనుంచి గుద్దాడు. పొన్ను మీది చేతిని తన కుడిచేత్తో పీకేశాడు. తుపాకి మూతి ఆకాశం వైపు లేచింది. సయీద్ వేలు మీటమీదే ఉంది.

పేలుడు మామూలు తుపాకి మోత కాదు. బొంగు చీలినట్టు, దాని వెనక గంట పగిలినట్టు. పొగ తేలిపోయాక సయీద్ నేలమీద కూర్చుని ఉన్నాడు. చెవిపైన వెండిముక్క దిగి నెత్తురు కారుతోంది. కళ్ళున్నాయి, చేతులు రెండూ ఉన్నాయి. జాన్‌బాబు కుడిచేతి చూపుడువేలు, దాని పక్క వేలు లేవు. గొట్టం పొన్ను దగ్గర అరటిపువ్వులా విచ్చుకుంది.

"రసూలూ, గుడ్డ తే," అన్నాడు జాన్‌బాబు. అని పడిపోయాడు.

ఆసుపత్రిలో చెయ్యి కడిగింది దయాకుమారే. ఇంకొకర్ని పిలుస్తామంటే వద్దంది. ఇసుకా, వెండి రజనూ పట్టకారుతో ఏరుతుంటే జాన్‌బాబు పళ్ళు బిగించి పైకప్పు వైపు చూస్తూ, ఆ పిల్లోడి కళ్ళు బాగున్నాయా అని అడిగాడు. బాగున్నాయండి, అందావిడ.

పోలీసులకు జరిగింది జరిగినట్టు ఖమీసే చెప్పాడు. తర్వాత మంచం పక్కకు వచ్చి, అప్పటిదాకా చెప్పనిది రసూల్ నోటిమీదుగా జాన్‌బాబుకు చెప్పాడు. ఆ తుపాకితో తన తండ్రి పక్కలోయ మనిషిని ఒకణ్ణి చంపాడు. పగ ఏళ్ళతరబడి నడిచి రెండువైపులా ప్రాణాలు పోయాక, పెద్దలు కూర్చుని రాజీ చేశారు. మనిషిని చంపిన తుపాకికి కూడా శిక్ష పడాలన్నారు. చచ్చినవాడి అన్న ఆకురాయితో గొట్టం నడుమ గాటు పెట్టాడు, కసితీరా, లోతుగా. ఆ గాటును లక్కతో పూడ్చి పైన వెండి పొన్ను వేశారు. గాటు మాట ఎత్తితే పగ మళ్ళీ లేచినట్టేనని రెండిళ్ళవాళ్ళూ ఒట్టు వేసుకున్నారు. కొడుకులకు కూడా చెప్పలేదు. గాటు ఉన్న చోట ఇనుము ఎంత మిగిలిందో తాను ఎన్నడూ ఆలోచించలేదన్నాడు ముసలాయన. ఒట్టు నిలుపుకోబోయి కొడుకును పోగొట్టుకునేవాణ్ణన్నాడు.

జాన్‌బాబు విని, "ఇంజనుకి శిక్ష వేసేవోళ్ళని మా దీవిలో చూళ్ళేదు రసూలూ. అందుకే పట్టలేకపోయాను," అన్నాడు.

పెళ్ళిని నెలరోజులు వాయిదా వేశారు. కొత్త గొట్టం వచ్చింది. జాన్‌బాబు కట్టుతోనే దుకాణానికి వెళ్ళి, లేతు పక్కన స్టూలు వేసుకు కూర్చుని, రసూల్ చేత మర తీయించి బిగింపించాడు. చిరాకుపడ్డాడు, తిట్టాడు, తిరిగి చేయించాడు. కర్రపని వాడికి ఇనుము పని చెప్పి, గొట్టం బిగిసే కీలు తెల్లగా మెరిసేదాకా చేయించాడు. టైరుకు కట్టి ఎవరూ అడగనన్నిసార్లు పేల్చి చూశాడు.

తుపాకి తీసుకోవడానికి ఖమీస్ కొడుకులిద్దరితో వచ్చాడు. తుపాకి జోలికి పోకముందే సయీద్ జాన్‌బాబు ముందుకొచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. తన జిర్జ్ తీసి అతని ఎడమచేతిలో పెట్టి, తలగుడ్డ విప్పి, తల వంచాడు. నెత్తురు చిందించినవాడు దెబ్బతిన్నవాడి చేతికి ఆయుధం ఇవ్వాలట, కొట్టడమో వదలడమో అతని ఇష్టమట. రసూల్ విడమరిచి చెప్పాడు. తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హమద్ మొహం తిప్పుకున్నాడు.

వదిలేసి లేవదీస్తాడని అందరూ అనుకున్నారు. జాన్‌బాబు జిర్జ్‌ను లేతు మీద పెట్టాడు. ఎడమచెయ్యి వెనక్కి ఎత్తి, సయీద్ చెంపమీద ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి కొట్టాడు. సయీద్ పక్కకు పడి గోడ పట్టుకున్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డంలోకి జారింది.

"ఖలాస్," అన్నాడు జాన్‌బాబు. తుపాకి తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

సయీద్ పెదవి తుడుచుకుని, తుపాకి పట్టుకున్నాడు. తర్వాత ముసలాయన నవ్వాడు, హమద్ నవ్వాడు. చివరికి సయీద్ కూడా, దవడ పట్టుకునే.

పెళ్ళి ఆ శుక్రవారమే జరిగింది. కొండకింద వాలులో గుడారాలు, మేకల మాంసం, మగవాళ్ళ అరుపులు. జాన్‌బాబు, దయాకుమారి ముందు వరసలో కూర్చున్నారు. పెళ్ళికొడుకు వచ్చి గుంపు మధ్య నిలబడ్డాడు. ఎడమచేతివాటం ఉన్నవాడు కాడు గనక తుపాకి కుడి భుజానికే ఆనించాలి, కుడి చెంపే కర్రమీద పెట్టాలి. ఆ చెంప ఇంకా వాచే ఉంది. ముట్టగానే మొహం చిట్లించి, అలాగే నొక్కిపెట్టి, గాలిలోకి పేల్చాడు. ఒక్కటే మోత, గట్టిగా, గుండ్రంగా. కొండ దాన్ని తిరిగి పంపింది.

దయాకుమారి తలెత్తి పెళ్ళికొడుకు రెండు చేతులూ చూసింది. జాన్‌బాబు రెండో తూటా కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.